బెంగళూరు తెలుగిళ్లలో రోజువారీ తిండి: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, కె.ఆర్.పురం, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ... బెంగళూరులో ఏ మూల చూసినా తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లాలి, పిల్లలకు పొద్దున్నే బడి బస్సు, ఏడాదిలో కొన్ని నెలలు ఊరి నుంచి వచ్చి ఉండే పెద్దవాళ్లు. ఇలాంటి ఇళ్లలో తిండి గురించి నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. నా నమ్మకం ముందే చెప్పేస్తాను: ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండాలి, అదీ మనకు చేతనైన వంటే ఉండాలి. మార్చుకోవాల్సింది కంచంలో ఏది ఎంత అన్న పాళ్లు. మోతాదులు చెప్పిన చోట చాలావరకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలను అనుసరించాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం తమ డాక్టరు చెప్పిన ప్రకారమే నడుచుకోవాలి.

అన్నం మానేస్తే తప్ప ఆరోగ్యం బాగుపడదా?

మానక్కర్లేదు, తగ్గిస్తే చాలు. రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి బియ్యం, గోధుమలు, రవ్వ, అటుకులు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. ఇది వండకముందు తూకం. పొద్దున ఇడ్లీలో పడ్డ రవ్వ, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ, అన్నీ ఈ 250లోకే వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మధుమేహం మీద జరిపి, 2025లో వెలువరించిన ఇండియాబ్ అధ్యయనంలో మన దేశంలో తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. అదే బృందం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది.

మన భోజనంలో చిక్కు ఎక్కడుందంటే, పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం పెట్టుకుంటాం. ఒక్కొక్కటీ పిడికెడే అనిపిస్తుంది, లేచేసరికి కంచం నిండా తిని ఉంటాం. అందుకని అన్నం అంతా ఒక్కసారే పెట్టుకోండి. దాన్నే పప్పుకూ కూరకూ పెరుగుకూ పంచుకోండి. అన్నం గిన్నె వంటగదిలోనే ఉంచి, కూర, పప్పు గిన్నెలు మాత్రం భోజనాల బల్ల మీదికి తెండి. రెండోసారి వడ్డించుకోవాలనిపిస్తే చేతికి కూరే అందాలి.

దంపుడు బియ్యం మంచిదే, పీచు ఎక్కువ. కానీ సోనా మసూరి తిన్నంతా తింటే దక్కే లాభం కొంచెమే.

మేం రోజూ కూర చేసుకుంటాం. ఇంకా ఎంత చేయాలి?

నలుగురున్న ఇంట్లో పావుకిలో బెండకాయలు తరిగి వేపుడు పెట్టి చూడండి. మూకుడు నిండుగా మొదలవుతుంది. జిగురు పోయి, తేమ ఆవిరై, అంచులు ఎర్రబడి దించేసరికి అడుగున కాస్తంత మిగులుతుంది. తలా ఒక గరిటె వేస్తే అయిపోతుంది. దాన్నే మనం "కూరతో తిన్నాం" అంటున్నాం.

మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. ఆకుకూరలు ఆ 400లోవే. బంగాళదుంప, చేమదుంప, కంద ఈ లెక్కలోకి రావు. నలుగురు పెద్దవాళ్లకైతే రోజుకు కిలోన్నర దాటుతుందన్న మాట. ఈ అంకె చెప్పగానే అందరి ముఖాలూ ఒకలాగే అయిపోతాయి, అందుకే ఒక్కసారిగా అక్కడికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. పూటకు పావుకిలో వండుతుంటే అరకిలో వండండి. రెండు పూటలకూ కలిపి కిలో చేరితే, పచ్చిగా తినే కీరదోస, క్యారెట్, టమాటాలతో మిగతాది చాలావరకు సర్దుకుంటుంది.

ఎక్కువ వండాలంటే వేపుడు కుదరదు, నూనె తాగుతుంది, కుంచించుకుపోతుంది. పెసరపప్పు వేసిన పొడికూర, పాలు పోసి వండిన సొరకాయ, నువ్వులపొడి చల్లిన బీరకాయ, కొబ్బరి వేసిన బీన్స్, క్యాబేజీ, పులుసు పెట్టిన వంకాయ, ములక్కాడ: ఇవైతే నలుగురికీ రెండేసి గరిటెలు వస్తాయి. వేపుడు వారానికి రెండుసార్లు పెట్టుకుంటే ఎవరూ బాధపడరు. బెంగళూరు వంకాయ (చౌచౌ), నూల్‌కోల్ (గుండ్రటి గడ్డలా ఉండే క్యాబేజీ జాతి కూర) ఇక్కడ ప్రతి బండి మీదా దొరుకుతాయి. మన వాళ్లు వాటిని పట్టించుకోరు. శనగపప్పు వేసి వండితే రెండూ చక్కగా ఉంటాయి.

అన్ని కూరగాయలు తెచ్చి, తరిగి, వండే తీరిక ఎక్కడుంది?

నిజమే, అసలు కష్టమంతా ఇక్కడే. రింగు రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని వచ్చిన మనిషికి కత్తిపీట ముందు కూర్చోవాలనిపించదు.

రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే రోజు నా వంట ఇలా ఉంటుంది. కుక్కర్‌లో అడుగు గిన్నెలో కందిపప్పు, కడిగి తరిగిన తోటకూర, రెండు టమాటాలు, పచ్చిమిర్చి. పై గిన్నెలో బియ్యం. రెండో పొయ్యి మీద మూకుడులో చెంచాన్నర నూనె, ఆవాలు, మినప్పప్పు, ఆదివారం తరిగి డబ్బాలో పెట్టిన బీన్స్, క్యారెట్. చారెడు నీళ్లు చల్లి మూత పెట్టేస్తే అది తన పని తాను చూసుకుంటుంది. కుక్కర్ ఆవిరి దిగేలోపు కీరదోస, క్యారెట్ తురిమి, వచ్చీరాగానే నానబెట్టిన పెసరపప్పు, నిమ్మరసం, కొత్తిమీర కలిపితే కన్నడ వాళ్ల కోసంబరి తయారు. పప్పు మెదిపి తాలింపు వేస్తే అయిపోయింది. అరగంట చాలు.

దీనికి ముందు ఏర్పాటు ఒకటి కావాలి. బీన్స్, క్యారెట్, క్యాబేజీ, గోరుచిక్కుడు, దొండకాయ తరిగి గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటాయి. వంకాయ నల్లబడుతుంది, బెండకాయ జిగురు కక్కుతుంది, వాటిని అప్పటికప్పుడే తరగాలి. ఆకుకూర కడగకుండా, పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టండి.

తరిగే పని ఒక్కరి మీదే వేయకండి. ఉద్యోగం చేసి వచ్చిన ఆడమనిషి ఒక్కతే తరగాలి, వండాలి, గిన్నెలు సర్దాలి అంటే ఏ మార్పూ నెల రోజులు కూడా నిలబడదు. మగవాళ్లు బీన్స్ ఈనెలు తీయొచ్చు, పదేళ్ల పిల్లలు బఠాణీలు ఒలవొచ్చు. నేను చూసిన ఇళ్లలో తిండి నిజంగా మారింది ఇద్దరూ వంటగదిలోకి వచ్చిన ఇళ్లలోనే.

ఇక్కడ మన ఆకుకూరలు దొరకడం లేదు. ఏం చేయాలి?

దొరుకుతాయి, కన్నడలో అడగాలి. పొద్దున్నే వీధిలో "సొప్పు" అని కేకేసుకుంటూ వచ్చే ఆమె గంపలో చూడండి. దంటు సొప్పు అంటే తోటకూర, బసళె అంటే బచ్చలి, మెంత్య సొప్పు మెంతికూర, సబ్బసిగె సోయికూర, హొన్నగొన్నె పొన్నగంటి, నుగ్గె సొప్పు మునగాకు, పుండి సొప్పు గోంగూర. మడివాళ మార్కెట్, కె.ఆర్. మార్కెట్, గాంధీ బజార్‌లో ఇంకా రకాలుంటాయి. హాప్‌కామ్స్ దుకాణాలు రైతుల సహకార సంఘానివి, 1959 నుంచి ఉన్నాయి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది, బేరమాడే పని లేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో అనపకాయలను మాత్రం వదలొద్దు. కన్నడ వాళ్ల అవరెకాయి అదే. చిత్తూరు వైపు వాళ్లకు పితికిపప్పు చారు గురించి నేను చెప్పక్కర్లేదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు పక్కింటి సీమవాళ్లను అడిగి నేర్చుకోండి. ప్రోటీనూ పీచూ రెండూ ఉన్న కూర అది.

ఆవకాయ, పచ్చళ్లు, కారప్పొడులు మానేయాలా?

రోలు పచ్చళ్లు మానొద్దు. బీరపొట్టు, దోసకాయ, టమాటా, గోంగూర పచ్చళ్లు కూరగాయలే, ఉప్పు చూసి వేసుకుంటే చాలు. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి కూడా మంచివే. జాగ్రత్త పడాల్సింది ఊరగాయలతో. అవి నిలవ ఉండేదే ఉప్పుతో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లకు ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక టీస్పూన్. ఇందులో ఊరగాయ, అప్పడం, చిప్స్, బయట తిండి అన్నిటిలోని ఉప్పూ కలిసే ఉంటుంది. నలుగురికి రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ప్యాకెట్ తెరిచిన రోజు తేదీ దాని మీద పెన్నుతో రాయండి. నెల తిరక్కుండానే అయిపోతోందంటే ఎక్కడ తగ్గించాలో మీకే తెలుస్తుంది. అన్నం వార్చేటప్పుడు, చపాతీ పిండిలో, మజ్జిగలో వేసే ఉప్పు తీసేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకూ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకూ అది ప్రమాదం. డాక్టరును అడక్కుండా మార్చొద్దు.

ఏ నూనె మంచిది? గానుగ నూనెకు మారాలా?

ఏది అన్నదాని కంటే ఎంత అన్నదే ముఖ్యం. మనిషికి రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు, సుమారు రెండు పెద్ద చెంచాలు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు దాటకూడదు. డబ్బా మీద కూడా తేదీ రాయండి, క్యాను వంచి పోయకుండా చెంచాతో కొలిచి వేయండి. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, తవుడు నూనెల్లో రెండిటిని మార్చి మార్చి వాడుకోవచ్చు. గానుగ నూనె రుచి బాగుంటుంది, కానీ కేలరీలు ఏ నూనెలోనైనా అవే. పూరీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వేపుళ్లకు వాడొద్దు.

పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకోండి, హాయిగా తినండి.

మేం శాకాహారులం. ప్రోటీన్ సరిపోతుందా? పౌడర్ కొనాలా?

ఐసీఎంఆర్ సిఫారసు ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు అనుకోండి. 250 గ్రాముల బియ్యం, గోధుమల నుంచి దాదాపు 20 గ్రాములు వస్తాయి. 60 గ్రాముల పప్పు నుంచి 13, పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్ల నుంచి 9 లేదా 10, పిడికెడు వేరుశనగల నుంచి 5. లెక్క సరిపోయింది, పౌడర్ అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ కూడా కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడొద్దనే చెబుతోంది.

చిక్కంతా ఆ 60 గ్రాముల పప్పు దగ్గర. నలుగురికి ఒక చిన్న గ్లాసు కందిపప్పు వేసి, నీళ్లు ఎక్కువ పోసి, సాంబారుగా సాగదీస్తే మనిషికి 25 గ్రాములు కూడా రాదు. సాంబారు పలచగా చేసిన రోజు పక్కన శనగల గుగ్గిళ్లో, పెసరట్టో, పనీరో ఉండాలి. ఉలవలు, అలసందలు (బొబ్బర్లు), రాజ్మా వారానికి రెండుసార్లు వండితే పప్పు విసుగు పుట్టదు. గుడ్డు తినేవాళ్లకు ఒక్కో గుడ్డుకూ 6 గ్రాములు వస్తుంది.

శాకాహారులకు ప్రోటీన్ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది విటమిన్ బి12. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. పాలు కూడా సరిగా తాగనివాళ్లు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నవాళ్లు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి.

రాగులు, కొర్రలు మొదలుపెట్టాలా?

ఇష్టంగా తింటే మొదలుపెట్టండి. కర్ణాటకలో ఉంటూ రాగులు తినకపోవడం ఏమిటి! వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో చిన్న వంతు కూడా ఉండదు. ముద్ద, సంకటి, రొట్టె, దోసె ఎలాగైనా బాగుంటాయి. ముద్దకు కన్నడ వాళ్ల బస్సారు (పప్పు, ఆకుకూర ఉడికించిన నీళ్లతో చేసే చారు), మన పప్పుచారు రెండూ జతే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. రాగి జావ తాగితే షుగర్ పెరగదన్న మాట నిజం కాదు. మెత్తటి పిండిని ఉడికించి తాగితే చాలా తొందరగా అరిగిపోతుంది, షుగర్ పెరుగుతుంది. చిరుధాన్యం ఏదైనా ఆ 250 గ్రాముల లెక్కలోనే, అన్నం స్థానంలోనే తినాలి, అన్నానికి అదనంగా కాదు.

మా అబ్బాయి లంచ్‌బాక్సులో కూర అలాగే వెనక్కి వస్తోంది.

మొదట బాక్సును వాడి కళ్లతో చూడండి. పొద్దున ఏడింటికి కట్టింది పన్నెండు దాటాక, చల్లారిపోయి, పావుగంటలో, స్నేహితుల మధ్య తినాలి. తడిగా ఉన్న బెండకాయ పులుసు ఆ సమయానికి అన్నంలోకి కారి ముద్దైపోతుంది. మనమైనా తినం.

బాక్సులో కూర విడిగా కాకుండా తిండిలో కలిసిపోయి ఉండాలి. బిసిబేళె బాత్‌కు మించినది నాకు కనిపించలేదు. పప్పు, బియ్యం సమానంగా వేసి, బీన్స్, క్యారెట్, బఠాణీ, నూల్‌కోల్ బాగా దట్టిస్తే అదొక్కటే పూర్తి భోజనం. మెంతికూర చపాతీలో గుడ్డు పొరటు చుట్టి ఇవ్వండి. వేరుశనగలు, క్యారెట్ తురుము వేసిన నిమ్మకాయ పులిహోర, పాలకూర పప్పన్నం, ఉల్లి, క్యారెట్ వేసిన పెసరట్టు కూడా మిగలకుండా వస్తాయి. చిన్న విరామానికి బిస్కెట్లకు బదులు జామముక్కలు, ఉడికించిన చిలగడదుంప, మొక్కజొన్న గింజలు పెట్టండి.

కూర అలవాటు చేయాల్సింది బడిలో కాదు, ఇంట్లో రాత్రి భోజనం దగ్గర. కొత్త కూరను పిల్లలు పది, పదిహేనుసార్లు చూసి, ముట్టుకుని, కొంచెం కొరికి చూశాక గానీ ఒప్పుకోరు. మూడోసారికే "మా వాడికి కాకర పడదు" అని తేల్చేయొద్దు. ఒక చెంచా కంచంలో వేసి, మీరు తింటూ ఉండండి. తింటే చాక్లెట్ ఇస్తాననొద్దు, దాంతో కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అయిపోతాయి. ఫోను చూపించి తినిపించడం కూడా వద్దు, కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియకుండా పోతుంది.

పాలలో కలిపే పౌడర్ లేకుండా పిల్లలు పాలు తాగరు.

2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" పేరుతో అమ్మొద్దని ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు చెప్పింది. ఆహార భద్రతా చట్టంలో అలాంటి నిర్వచనమే లేదు. డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలని నిబంధన. మొదటి మూడింట్లో చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్ కనిపిస్తే అది మిఠాయి పొడి అనుకోండి. రెండు చెంచాలు వేస్తుంటే ఒకటిన్నరకు, తర్వాత ఒకటికి, అలా వారం వారం తగ్గించండి. అయినా తాగకపోతే పెరుగు పెట్టండి, సరిపోతుంది.

నందిని పాల నీలం ప్యాకెట్‌లో 3 శాతం వెన్న ఉంటుంది, పెద్దవాళ్లకూ పెద్ద పిల్లలకూ అది చాలు.

సాయంత్రం అయిదింటికి అందరికీ ఆకలి. పక్కనే బేకరీ.

బెంగళూరులో ప్రతి మలుపులో ఒక అయ్యంగార్ బేకరీ ఉంటుంది, పఫ్, ఖారా బన్, దిల్‌పసంద్ వాసన దాటి రావడం కష్టమే. వారానికి ఒకరోజు అని ఇంట్లో అందరూ కలిసి ఒప్పుకోండి. మిగతా రోజుల్లో ఆకలి వేళకు ఇంట్లో ఏదో సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఏ ఒప్పందమూ నిలవదు. బొరుగుల్లో ఉల్లిపాయ, టమాటా, క్యారెట్ తురుము, వేయించిన శనక్కాయలు, నిమ్మరసం కలిపితే అయిదు నిమిషాల పని. ఉడికించిన శనక్కాయలు, గుగ్గిళ్లు, పండు ఏదైనా సరే. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడి బుల్ టెంపుల్ దగ్గర కడలెకాయి పరిషె (వేరుశనగ జాతర) జరుగుతుంది, పిల్లలను తీసుకెళ్లి పచ్చికాయలు కొనుక్కురండి.

250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలు.

పండ్ల రసం ఇస్తే సరిపోతుందా?

పండే ఇవ్వండి. రసంలో పీచు పోతుంది, మూడు కమలాల తీపి ఒక గ్లాసులోకి వచ్చేస్తుంది.

ఆయన ఇంటికి వచ్చేసరికి పది. అప్పుడు భోజనం చేస్తే మంచిదేనా?

ఏడింటికి ఆఫీసులోనే కడుపు కొంత నింపుకోవాలి. ఇంటి నుంచి తీసుకెళ్లిన చపాతీ, కూర, లేదా గుగ్గిళ్లు, అరటిపండు. పదింటికి వచ్చి మజ్జిగన్నం, కూర తేలిగ్గా తింటే చాలు. ఏమీ తినకుండా ఆకలితో వచ్చి పది తర్వాత పూర్తి భోజనం చేసి వెంటనే పడుకోవడమే చేటు.

బయట తినే రోజు ఏం ఎంచుకోవాలి?

ఆంధ్రా మీల్స్‌లో పప్పు, కూర రెండోసారి అడగండి, అన్నం కాదు. దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో) ఇడ్లీ, సాంబారు ఎప్పుడూ నమ్మదగినవి. బిర్యానీ ఒకటి తెప్పించి ఇద్దరు తినండి, ఇంట్లో కీరదోస, ఉల్లిపాయ పెరుగుపచ్చడి ఒక పెద్ద గిన్నెడు చేసుకోండి.

ఊరి నుంచి వచ్చిన మా మామగారికి షుగర్, అత్తగారికి బీపీ. ముగ్గురికి మూడు వంటలు చేయలేకపోతున్నాను.

చేయొద్దమ్మా. ఇక్కడ రాసినదంతా వాళ్లకు సరిపోయే తిండే, ఆ తిండే మీ పిల్లలకూ మంచిది. కూరలో ఉప్పు తగ్గించి వండండి, చాలనివాళ్లు చిటికెడు పైన వేసుకుంటారు. మామగారికి కంచంలో సగం కూర, పావు పప్పు, పావు అన్నం పెట్టండి. కూర ముందు తిని అన్నం తర్వాత తింటే షుగర్ అంత ఎగబాకదు. భోజనం తర్వాత ఇద్దరినీ అపార్ట్‌మెంటు చుట్టూ పావుగంట నడవమనండి.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడుతుంటే అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచూసుకోవాలి.

వయసులో పెద్దవాళ్లకు ఇన్నేళ్ల తిండి మీద గౌరవం ఉంటుంది. "ఇది తినకండి మామయ్యా" అని కంచం దగ్గర అనడం కంటే, వాళ్లకు నచ్చిన కాకరకాయ పులుసు ఎక్కువ వండి పెట్టడం మంచి మార్గం.

ఇంట్లో ఆడవాళ్లకు రక్తం తక్కువని చెప్పారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం. డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు తిండితో భర్తీ కావు, అవి వేసుకోవాల్సిందే. తిండి విషయంలో రెండు పనులు చేయండి. ఆకుకూర, పప్పు తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, లేదా జామ, ఉసిరి తినండి. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దు. టిఫిన్ మీద ఫిల్టర్ కాఫీ ఈ ఊరి అలవాటు, దాన్ని కాస్త పక్కకు జరపండి.

అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఆడవాళ్లు మానాలి. కూర అయిపోయిన గిన్నెలో అన్నం కలుపుకుని తింటే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

ఎనిమిది నెలల పాపకు ఏం పెట్టాలి?

తల్లిపాలు కొనసాగిస్తూ, మెత్తగా మెదిపిన పప్పన్నం నెయ్యితో, ఉడికించిన క్యారెట్, గుమ్మడి, అరటిపండు, బాగా ఉడికిన గుడ్డు, మొలకెత్తిన రాగుల జావ. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర, తేనె వద్దు. తేనె విషయంలో పెద్దవాళ్లు పట్టుబట్టినా ఒప్పుకోవద్దు, పసిబిడ్డకు ప్రాణం మీదికి వచ్చే జబ్బు రావచ్చు. వేరుశనగలు, బాదం గింజలుగా అయిదేళ్లలోపు ఇవ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. పొడి చేసి కలపండి.

రాత్రి మిగిలిన అన్నం మరునాడు తినొచ్చా?

వండిన రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మరునాడు బాగా పొగలు వచ్చేలా వేడి చేసి తినొచ్చు. రాత్రంతా కుక్కర్‌లో బయట వదిలేసిన అన్నంతో పొద్దున పులిహోర కలిపి పిల్లల బాక్సులో పెట్టడం మాత్రం వద్దు. అందులో పెరిగే బ్యాక్టీరియా విషం వేడి చేసినా పోదు.

ఇక్కడ పప్పు సరిగ్గా ఉడకదు, దోసెపిండి పులవదు. మేం చేసేదాంట్లో తప్పుందా?

తప్పేమీ లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బోరు నీళ్లలో చాలాచోట్ల లవణాలు ఎక్కువ, వాటిలో పప్పు తొందరగా ఉడకదు. పప్పు గంట నానబెట్టి, తాగే నీళ్లతో కుక్కర్‌లో పెట్టండి. డిసెంబరు చలిలో పిండికి పన్నెండు గంటలకు పైనే పడుతుంది, స్విచ్ వేయని ఓవెన్‌లో పెడితే కాస్త తొందరగా పొంగుతుంది.

మా తమ్ముడు పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటాడు. వాడికి ఏం చెప్పాలి?

పీజీల్లో అన్నం, చారు పుష్కలం, కూర నామమాత్రం. రోజూ రెండు ఉడికించిన గుడ్లు, ఒక పెరుగు ప్యాకెట్, బండి మీద కొన్న రెండు పండ్లు, కీరదోస, క్యారెట్. స్టవ్ లేకుండా ఇంతవరకూ చేసుకోవచ్చు. ఆదివారం మీ ఇంటికి పిలిచి కడుపునిండా కూర పెట్టండి.

ఊరికి వెళ్లి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

అమ్మ ఇచ్చే ఊరగాయ జాడీని ఎవరూ వద్దనలేరు, చిన్న సీసాలో తెచ్చుకోండి. బ్యాగులో మిగిలిన చోటును కొత్త కందిపప్పు, పెసలు, ఉలవలు, నువ్వులు, శనక్కాయలకు ఇవ్వండి. పెరట్లో మునగచెట్టు ఉంటే లేత ఆకు దూసి, కడిగి, నీడలో గలగలలాడేలా ఆరబెట్టి పట్టుకురండి. వేయించిన మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో పొడి కొడితే రెండు నెలలు ఉంటుంది. ఇడ్లీ మీద, పెరుగన్నంలో, పిల్లల దోసె మీద రోజూ ఒక చెంచా చల్లుకోవచ్చు.